పోస్టాఫీసు ముందు నీడ

ఎడారి మధ్యనున్న పోసో సెకో అనే ఊళ్ళో బండి వేసుకుని ఎక్కడికి వెళ్ళినా జనం గుమ్మం ఎక్కడుందని చూడరు, నీడ ఎక్కడుందని చూస్తారు. కిరాణా కొట్టు ముందు పది చోట్లు ఖాళీగా ఉన్నా సరే, అల్లంత దూరాన బోర్డు పలక నీడ చారెడు పడుతుంటే అక్కడే మూడు బండ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి. కొన్న ఐస్‌క్రీము బండి దాకా చేరేలోపు పాలైపోయినా ఎవరికీ పట్టదు. స్టీరింగు ముట్టుకోగలిగితే చాలు.

పోస్టాఫీసు ముందు ఒకే ఒక సర్కారు తుమ్మ చెట్టు ఉంది. దాని నీడ పొద్దుటి పూట ఒక బండికి పూర్తిగా, రెండో బండికి మూతి వరకు సరిపోతుంది. ఆ ఊళ్ళో ఇళ్ళకు ఉత్తరాలు రావు. తొమ్మిది వందల మందీ పోస్టాఫీసుకే వచ్చి ఎవరి పెట్టె వాళ్ళు తెరుచుకోవాలి. వేసవిలో అందరూ తొమ్మిదిలోపే ఆ పని ముగించుకుని ఇంటికి పోయి కూలర్ ముందు కూలబడతారు. కాబట్టి ఆ ఒకటింబావు నీడ కోసం పోటీ గట్టిగానే ఉండాలి. కానీ లేదు. ఎందుకంటే అందులో ప్రతిరోజూ ఒకే బండి ఉంటుంది. మీగడ రంగు పాత ట్రక్కు, ఒక తలుపు మాత్రం నీలం. అందులో ఎలోయ్ మొంతానో కూర్చుని ఉంటాడు. రాగి గనిలో పనిచేసి రిటైరైన మనిషి, డెబ్భై దాటినవాడు.

జూన్ నెల రెండో వారంలో ఒక పొద్దున నెల్డా ప్రూయిట్ ఎండలో బండి పెట్టి, లోపలికెళ్ళి కరెంటు బిల్లు, విత్తనాల కొట్టువాళ్ళ పుస్తకం తీసుకుని తిరిగొచ్చి సీట్లో కూర్చుంది. కూర్చున్నంత వేగంగానూ లేచింది. పొట్టి లాగు వేసుకోవడం తన తప్పే. తొడల వెనక పెనం మీద పెట్టినట్టు చురుక్కుమంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అటు చూస్తే ఎలోయ్ నీడలో కూర్చుని కిటికీ మీద మోచెయ్యి ఆనించి, ఎప్పటిలాగే తల ఊపాడు.

ఆమె ఇంటికి వచ్చి తడి తువ్వాలు పరుచుకుని దాని మీద కూర్చుని ఆ వారం కబుర్లు రాసింది.

నెల్డా ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. అది మానేశాక ఊరి వారపత్రికలో ‘ఎండకబుర్లు’ అని అరపేజీ రాస్తోంది. చన్నీళ్ళ కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళు, వేణ్ణీళ్ళ కుళాయి తిప్పితే టీ నీళ్ళు వచ్చే సంగతి, వంటింట్లో ఉండాల్సిన చేతితొడుగులు బండిలో ఉండే సంగతి, మా ఇంట్లో నూటపద్నాలుగు డిగ్రీల ఫారన్‌హీటంటే మా ఇంట్లో నూటపదహారని పక్కింటివాళ్ళు పోటీపడే సంగతి, ఇలాంటివి. జనం కత్తిరించి ఫ్రిజ్ తలుపులకు అంటించుకునేవారు. ఆ కాగితాలు వాళ్ళ వంటిళ్ళలో కనబడినప్పుడు ఆమె చూడనట్టు నటించేది.

ఆ రోజు కలం దానంతటదే నడిచింది. ‘మన ఊళ్ళో భూస్వాములు ఉన్నారు గానీ నీడస్వామి ఒక్కడే,’ అని మొదలుపెట్టింది. ‘పొద్దున్నే ఆరింటికి వచ్చి చెట్టు కింద తిష్ఠవేసి, టోపీ మొహం మీదకి లాక్కుని, మధ్యాహ్నం దాకా గురకపెడతాడు. ఆ గురకకి జడిసి పావురాలు ఆ చెట్టు మీద గుడ్లు పెట్టడం మానేశాయి. పోయాక తనని ట్రక్కుతో సహా అక్కడే పూడ్చమని వీలునామా కూడా రాశాడట.’ పేరు రాయలేదు. నీలం తలుపు మాత్రం రాసింది.

ఎలోయ్ గురకపెట్టగా ఆమె ఎన్నడూ వినలేదు. అసలతను నిద్రపోగా కూడా చూడలేదు. మధ్యాహ్నం దాకా ఉంటాడో లేదో తనకు తెలియదు, ఎందుకంటే తొమ్మిదికల్లా తను ఇంట్లో ఉంటుంది. అంతకన్నా, రెండేళ్ళ కిందట తన ఇంటి పైకప్పు మీద కూలర్ ఆగిపోతే నిచ్చెన వేసుకొచ్చి బాగుచేసి, ఒక గ్లాసుడు నిమ్మరసం తాగి వెళ్ళిపోయిన మనిషి అతను. గురక మాట దగ్గర కలం ఒక్క క్షణం ఆగిన మాట నిజం. కానీ ఆ వాక్యం చదివి తనే పకపకా నవ్వింది. నవ్వొచ్చిన వాక్యాన్ని కొట్టేయడం ఆమెకు చేతకాదు.

శుక్రవారం పత్రిక వచ్చింది. సంపాదకుడు ఫ్లాయిడ్ ఫోన్ చేసి, “నెల్డా, మా ఆవిడ నవ్వలేక కాఫీ ముక్కులోంచి కక్కింది!” అన్నాడు. కిరాణా కొట్టులో, పెట్రోలు బంకులో, చర్చి మెట్ల మీద అందరూ ఆమె భుజం తట్టారు. శనివారం ఎలోయ్ ట్రక్కు పక్కన ఎవరో ఆగి, “ఏం నీడస్వామీ, కౌలుకిస్తావా కాస్త?” అని అడిగారట. “ఇవాళ పావురాలు బాగున్నాయా?” అని ఇంకొకరట. ఎలోయ్ ఏమన్నాడని నెల్డా అడిగింది. ఏమీ అనలేదన్నారు. అయితే సరదాగానే తీసుకున్నాడనుకుంది.

సోమవారం చెట్టు కింద ట్రక్కు లేదు.

మంగళవారమూ లేదు. చిత్రమేమిటంటే ఇంకెవరూ కూడా అక్కడ బండి పెట్టలేదు. ఊరు ఊరంతా ఎండలో బారులు తీరి నిలబడింది, నీడ మాత్రం పెళ్ళివారి కోసం అట్టేపెట్టిన గదిలా ఖాళీగా ఉంది. బంకు యజమాని ఒకసారి అటు తిప్పబోయి, చుట్టూ చూసి, మళ్ళీ ఎండలోకే పోయాడు. “నేనెందుకు పెడతానమ్మా అక్కడ? వచ్చేవారం నా గురించి రాస్తావు,” అన్నాడు నెల్డాతో. ఆమె నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఖాళీగా ఉంది కదాని తను పెడదామని చూస్తే, అడుగు బ్రేకు మీద నుంచి కదల్లేదు.

పోస్టాఫీసు చూసే డొరిండా చిన్నప్పుడు నెల్డా బస్సులోనే బడికి వెళ్ళేది. ఎప్పుడూ రెండు ముక్కలు మాట్లాడనిదే పంపదు. ఆ రెండు రోజులూ ఒక్క మాట మాట్లాడలేదు. బుధవారం నెల్డా ఉండబట్టలేక గాజు కిటికీ దగ్గర నిలబడింది.

“ఏంటే డొరిండా, నామీద అలిగావా?”

“నాకెందుకండీ అలక.” డొరిండా స్టాంపులు సర్దుతూనే ఉంది. “నెల్డమ్మా, మీరు మన ఊరి గురించి ఇన్నేళ్ళుగా రాస్తున్నారు కదా. ఒక్కసారైనా పదిన్నరకి ఇక్కడికొచ్చి చూశారా?”

“పదిన్నరకా? పిచ్చా నీకు? ఆ ఎండలో బల్లి కూడా బయటికి రాదు.”

“రేపు రండి.”

మర్నాడు నెల్డా పదింబావుకే వచ్చి పోస్టాఫీసు లోపల, పెట్టెల వరసకు పక్కగా నిలబడింది. సరిగ్గా పదిన్నరకు ఒక పాత బూడిదరంగు కారు వచ్చింది. నీడ ఖాళీగా ఉంది. కారు దాని పక్కనుంచే పోయి, రోడ్డుకు ఆ చివర ఎండలో ఆగింది. అందులోంచి రమోనా దిగింది. ఎలోయ్ మాజీ భార్య. పన్నెండేళ్ళుగా అతనితో మాట లేదు, ఒకే చర్చికి వెళ్ళినా వేరువేరు ప్రార్థనలకు వెళ్తారు. ముందు సీట్లో ఆమె తల్లి, ఊరంతా గౌరవంగా డోన్యా ఉర్సులా అని పిలిచే తొంభై ఒక్క ఏళ్ళావిడ కూర్చుని ఉంది. తల చక్కగా దువ్వి దువ్వెన్లు గుచ్చారు. ముత్యాల దండ వేశారు. కిటికీలు నాలుగూ దించి ఉన్నాయి, ఆవిడ ఒక ఉత్తరం కవరుతో విసురుకుంటోంది.

“ఆవిడ మోకాళ్ళు పనిచెయ్యవు, దిగలేదు,” అంది డొరిండా మెల్లగా. “ఇంట్లో వదిలేసి రమ్మంటే ఊరుకోదు. రోజంతటికీ ఆవిడకి అదొక్కటే షికారు. కారులో ఏసీ పోయి ఐదేళ్ళు దాటింది. ఆవిడకి స్నానం చేయించి, తయారుచేసి, బయల్దేరేసరికి పదవుతుంది. మందులొచ్చే బండి కూడా అప్పుడే వస్తుంది.”

“అయితే?”

“అయితే ఏముందండీ. ఎలోయ్ పొద్దున్నే ఆరింటికొచ్చి ఆ చోటు పట్టుకుని, పదీ ఇరవైకి ట్రక్కు తీసుకుని వెనక సందులోంచి వెళ్ళిపోతాడు. రమోనా వచ్చేసరికి నీడ ఖాళీగా ఉంటుంది. తన అదృష్టమనుకుంటుంది. ఇలా ఐదేళ్ళు. నాకు తెలుసన్న సంగతి ఆయనకి తెలుసు. ఎవరికీ చెప్పొద్దని ఒకే ఒక్కసారి అన్నాడు.”

“మరి ఇవాళ ఖాళీగానే ఉంది కదా, అందులో పెట్టుకోవచ్చుగా?”

“మీరు రాశారుగా, మధ్యాహ్నం దాకా కదలడని. రమోనా ఏమైనా తెలివితక్కువదా? మధ్యాహ్నం దాకా కదలనివాడి చోటు పదిన్నరకి నాకెప్పుడూ ఖాళీగా ఎలా దొరికిందని శుక్రవారం నన్నే అడిగింది. నేను అబద్ధం చెప్పలేకపోయాను. ఆయన పెట్టిన భిక్ష నాకొద్దు అని వెళ్ళిపోయింది.”

రమోనా లోపలికి వచ్చింది. నెల్డాను చూసి తల తిప్పుకుంది. ఆ రోజు వరసలో ఇద్దరే ఉన్నారు, అయినా మందుల పొట్లం తెచ్చి, సంతకం పెట్టించి ఇచ్చేసరికి పన్నెండు నిమిషాలు పట్టింది. నెల్డా గోడ గడియారం కేసే చూస్తూ నిలబడింది.

ఆ శనివారం డోన్యా ఉర్సులాకు కారులోనే కళ్ళు తిరిగాయి. తల పక్కకు వాలిపోయింది. రమోనా కేకలు విని డొరిండా తడిగుడ్డలు పట్టుకుని పరిగెత్తింది, అంబులెన్సు వచ్చింది. పక్క ఊరి ఆసుపత్రిలో రెండు సీసాల సెలైన్ ఎక్కించి, ఒకరోజు ఉంచి పంపేశారు. ప్రమాదం లేదన్నారు.

ఈ వార్త ఫోన్‌లో విన్నప్పుడు నెల్డా మనసులో మొదట మెదిలిన ఆలోచన ఆ పెద్దావిడ గురించి కాదు. ‘ఈ సంగతి ఊళ్ళో ఎంతమందికి తెలుసు?’ అని. ఆ తర్వాత ఎన్నాళ్ళైనా ఆమెను పొడుస్తూ ఉండిపోయింది అదే. ఆ రోజు అన్నం సహించలేదు. ఫ్రిజ్‌కు తనే అంటించుకున్న నీడస్వామి కబుర్లు పీకేసి చించింది. చించినంత మాత్రాన ఏమవుతుంది, ఊళ్ళో మూడు వందల ఫ్రిజ్‌లున్నాయి.

సాయంత్రం ఎలోయ్ ఇంటికి వెళ్ళింది. అతను పెరట్లో కూలర్ విప్పి, ఉప్పు పట్టిన గడ్డి పలకలను నీళ్ళ గొట్టంతో కడుగుతున్నాడు. ఆమెను చూసి గొట్టం ఆపాడు. కూర్చోమనలేదు.

“ఉర్సులమ్మ ఎలా ఉందో తెలిసిందా?” అంది ఆమె.

“డొరిండా చెప్పింది. బాగానే ఉందట.”

“ఎలోయ్, నాకు తెలీదు. ఒట్టు. నువ్వెందుకు కూర్చుంటున్నావో తెలిస్తే రాసేదాన్నే కాదు.”

“నేను చెప్పలేదుగా నీకు. ఎలా తెలుస్తుంది.”

ఆ మాటలో కోపం లేదు. అదే ఆమెకు మరీ కష్టంగా ఉంది. తిడితే బాగుండుననిపించింది.

అతను ఒక పలక తిప్పి గోడకు ఆనించాడు. “ఒకటి అడుగుతాను. గురక సంగతి నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. నేనే కల్పించాను.”

“కల్పించావా?”

“నవ్వొస్తుందని.”

ఎలోయ్ ఇంకో పలక అందుకున్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు గానీ అందులో నవ్వు లేదు. “విడాకులప్పుడు రమోనా జడ్జి ముందు చెప్పిన మొదటి మాట అదే. ముప్ఫై ఏళ్ళు ఈయన గురకతో నాకు నిద్ర లేదండీ, అంది. కోర్టులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను మరి. రాత్రుళ్ళు ట్రక్కులో పడుకునేవాణ్ణి ఆవిడ నిద్రపోవాలని. పోనీలే, పన్నెండేళ్ళయింది, అందరూ మర్చిపోయారనుకున్నాను.”

నెల్డా చేతిలో బండి తాళాలు అటూ ఇటూ తిప్పింది.

“వచ్చే శుక్రవారం క్షమాపణ రాస్తాను. జరిగిందంతా రాస్తాను. నువ్వెందుకు అక్కడ కూర్చునేవాడివో—”

“వద్దు.”

“అందరికీ తెలియాలి కదా, ఎలోయ్!”

“ఎందుకు తెలియాలి? రమోనాని నవ్వులపాలు చెయ్యడానికా? ఇంకా మాజీ మొగుడి నీడలోనే ఉందని అంటారు. నువ్వు క్షమాపణ రాసినా నవ్వుకుంటూనే చదువుతారు నెల్డా. నీ అరపేజీ అంటే అందరికీ అదే అలవాటు.” గొట్టం మళ్ళీ తిప్పాడు. “చీకటి పడకముందే వెళ్ళు. వాగు దగ్గర అడవిపందులు తిరుగుతున్నాయి.”

ఆమె తిరిగొస్తూ దారిలో రెండుసార్లు బండి ఆపుకుంది. రాస్తే తప్పు, రాయకపోతే తప్పు. ఇన్నేళ్ళూ ఏం జరిగినా కాగితం మీద పెట్టి బరువు దించుకున్న మనిషికి ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది.

సోమవారం పొద్దున ఆరింటికి చెట్టు కింద నెల్డా బండి ఉంది. ఒళ్ళో నీళ్ళ సీసా, మెడ చుట్టూ తడిగుడ్డ. ఊరివాళ్ళు వచ్చేవాళ్ళు వస్తూ, పోయేవాళ్ళు పోతూ ఊరుకుంటారా?

“ఏం నీడరాణీ, నీడస్వామిని వెళ్ళగొట్టి నువ్వెక్కావా గద్దె!”

“ఓహో, అందుకా రాసింది! నాకప్పుడే అనుమానం వచ్చింది.”

“గురక బాగానే వస్తోందా అమ్మా?”

ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. తిరిగి అనడానికి మంచి మాటలు నాలిక చివరిదాకా వచ్చాయి, మింగేసింది. తొమ్మిది దాటాక జనం పోయారు. గాలి కొలిమిలోంచి వచ్చినట్టు రాసాగింది. నీడ ఉన్నంత మాత్రాన చల్లదనం ఉండదని ఆమెకప్పుడు తెలిసింది. ఎలోయ్ రోజూ నాలుగు గంటల పైన ఈ వేడిలో కూర్చునేవాడు. తను దాన్ని హాయి అని రాసింది.

పదీ ఇరవైకి బండి తీసి వెనక సందులో పెట్టి, పోస్టాఫీసు పక్క గోడ దగ్గర నిలబడింది. బూడిదరంగు కారు వచ్చింది. నీడను చూసింది. దాటిపోయి ఎండలోనే ఆగింది. మంగళవారమూ అంతే. రమోనా ఈసారి తల్లి చేతికి పెద్ద గొడుగు, చన్నీళ్ళ ఫ్లాస్కు ఇచ్చి, పరిగెత్తుకుంటూ వచ్చి వెళ్తోంది.

బుధవారం రమోనా కారు దిగి లోపలికి పోకుండా నేరుగా నెల్డా దగ్గరికే వచ్చింది.

“ఆయన పంపాడా నిన్ను?”

“లేదు. ఆయనకి తెలీదు కూడా.”

“మరెందుకు పొద్దుటినుంచీ ఇక్కడ కాపలా? ఇంకా ఏదైనా రాయాలా మా గురించి?”

“రాయను,” అంది నెల్డా. “రమోనా, గురక మాట నేను కల్పించింది. ఎలోయ్ ఎవరితోనూ ఏమీ అనలేదు. పెద్దావిడ పడిపోవడానికి కారణం నేను. ఈ చోటు ఆయనది కాదు, నాది. నా దగ్గర తీసుకో. నన్ను ఎన్ని తిట్టాలంటే అన్ని తిట్టి తీసుకో.”

“నీ జాలి మాకక్కర్లేదు. ఆయన జాలీ అక్కర్లేదు. మా అమ్మని నేను చూసుకోగలను.”

అప్పుడు ఎండలో ఉన్న కారు హారన్ మోగింది. ఆగలేదు. డోన్యా ఉర్సులా పక్కకు వంగి, చేతికర్ర పిడితో హారన్ నొక్కి పట్టుకుని ఉంది. ఇద్దరూ పరిగెత్తారు.

“ఏమైందమ్మా? కళ్ళు తిరుగుతున్నాయా?”

“నాకేమీ కాలేదు. ఏంటే మీరిద్దరూ అక్కడ, నేనిక్కడ వేగిపోతుంటే?” ఆవిడ కర్రతో చెట్టు వైపు చూపించింది. “కారు అక్కడ పెట్టు.”

“అమ్మా, నీకు తెలీదు. ఆ చోటు—”

“ఎందుకు తెలీదు? నాకు కళ్ళు కనిపిస్తాయి. వెనక సందులోంచి పోయే ఆ నీలం తలుపు ఐదేళ్ళుగా రోజూ చూస్తూనే ఉన్నాను.”

రమోనా తల్లి వైపు తిరిగింది. “మరి నాతో చెప్పలేదేం?”

“చెప్తే ఇదిగో, ఇలాగే చేస్తావని. చూడమ్మాయ్, విడాకులు తీసుకున్నది నువ్వు. నేను తీసుకోలేదు. నా అల్లుడు నాకు నీడ పట్టుకుంటే నీకేం నొప్పి? పద, పెట్టు. ముత్యాలు కూడా కాలుతున్నాయి నాకు.”

రమోనా ఎవరివైపూ చూడకుండా కారెక్కి, నీడలో పెట్టింది. తలుపు మాత్రం గట్టిగా వేసింది.

నెల్డా కిటికీ పక్కన నిలబడి, “అమ్మా, నన్ను క్షమించండి,” అంది.

డోన్యా ఉర్సులా ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. “బస్సు బాగా నడిపేదానివి నువ్వు. ఒక్క పిల్లవాణ్ణి కూడా పడెయ్యలేదు,” అంది. అంతే. క్షమించానని అనలేదు, అననని కూడా అనలేదు.

ఆ వేసవంతా, జూలై చివర వానలు పడి వాగు పొంగి రోడ్డు తెగిన రెండు రోజులు తప్ప, ప్రతి పొద్దునా నెల్డా ఆ చోటు పట్టుకుని కూర్చుంది. ఊరివాళ్ళ వేళాకోళం ఆగస్టుకల్లా అరిగిపోయింది. పెద్దావిడ పట్టుబట్టడంతో ఎలోయ్ ఆదివారాల మధ్యాహ్నం, రమోనా చర్చికి వెళ్ళినప్పుడు, ఆ ఇంటికి వెళ్ళి అత్తగారితో పేకాడి వస్తున్నాడని డొరిండా చెప్పింది. పోస్టాఫీసుకు మాత్రం సాయంత్రం మూసేముందు వచ్చి, ఎండలో బండి ఆపి, ఉత్తరాలు తీసుకుని పోతున్నాడు. నెల్డా ఎదురైతే టోపీ అంచు ముట్టుకునేవాడు. మాట్లాడేవాడు కాదు.

ఎండకబుర్లు ఆగలేదు గానీ వాటిలో మనుషులు లేకుండా పోయారు. కూలర్ల గురించి, మేఘాల గురించి, గోడమీది బల్లుల గురించి రాసింది. బల్లుల గురించి వరసగా మూడు వారాలు రాసింది. “ఆ నీడస్వామి లాంటిది ఇంకొకటి పడెయ్యి నెల్డా, జనం ఇంకా అడుగుతున్నారు,” అన్నాడు ఫ్లాయిడ్. ఆమె ఫోన్ పెట్టేసి, సింకు దగ్గరికి వెళ్ళి చాలాసేపు కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

అక్టోబరు మొదట్లో ఒక సాయంత్రం ఆమె పెట్టె తెరుస్తుంటే పక్కన ఎలోయ్ వచ్చి నిలబడ్డాడు. అతని పెట్టె కింది వరసలో ఉంది. వంగి, తాళం తిప్పుతూ, ఆమెవైపు చూడకుండానే అన్నాడు.

“ఆ బల్లుల సంగతి చదివాను.”

“ఆ.”

“బాగాలేదు.”

“తెలుసు.”

“మరీ మెత్తగా ఉంది. అవేం బాధపడవులే, ఇంకాస్త గట్టిగా రాయి.”

అతను ఉత్తరాలు చంకలో పెట్టుకుని, టోపీ ముట్టుకుని, బయటికి నడిచాడు. నెల్డా పెట్టె తలుపు పట్టుకుని అక్కడే నిలబడింది. డొరిండా గాజు కిటికీ వెనకనుంచి, “మూసేస్తున్నానండీ,” అని రెండోసారి చెప్పేదాకా కదల్లేదు.